గర్భంలో కనిపించిన వాపు: మూత్రమార్గ విస్తరణను గుర్తించిన చరిత్ర



అయిదో నెల గర్భిణికి వైద్యులు ఒక స్కానింగ్ రాస్తారు. తెలుగునాట దాన్ని టిఫా స్కానింగ్ అంటున్నాం. తల నుంచి పాదాల దాకా శిశువు అవయవాలను వరుసగా పరిశీలించే పరీక్ష అది. రిపోర్టులో అన్నీ సవ్యంగా ఉన్నాయని రాసి, చివర ఒక వాక్యం కనిపిస్తుంది: ఎడమ మూత్రపిండ ద్రోణి వెడల్పు 5 మిల్లీమీటర్లు. ఆ ఒక్క వాక్యంతో ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. కిడ్నీ చెడిపోయిందా? పుట్టగానే ఆపరేషన్ చేయాలా? అసలు ఈ గర్భాన్ని ఉంచుకోవచ్చా?

ఇది అరుదైన సంగతి కాదు. నూరు గర్భాల్లో ఒకటి రెండింటిలో ఇలాంటి విస్తరణ కనిపిస్తుంది. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా ప్రసవాలు జరుగుతాయి. నూటికి ఒకరి చొప్పున లెక్క వేసుకున్నా రెండు లక్షల కుటుంబాలకు సంబంధించిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నకు ఇవాళ వైద్యులు ఇచ్చే జవాబు, 1980 ప్రాంతంలో ఇచ్చిన జవాబు ఒకటి కాదు. ఆనాటి వైద్యులకు తెలివి తక్కువా? కాదు. యంత్రం ఒక కొత్త దృశ్యాన్ని చూపించింది. ఆ దృశ్యానికి అర్థం చెప్పలేదు. అర్థం తెలుసుకోవడానికి మరో మూడు, నాలుగు దశాబ్దాలు పట్టింది. చూడటం ఒక ఎత్తు, చూసినదాన్ని తెలుసుకోవడం మరో ఎత్తు. ఈ పాఠంలో ఆ రెండింటి మధ్య నడిచిన చరిత్రను తెలుసుకుందాం.

మూత్రం నడిచే దారి

ముందుగా మీరు జీవశాస్త్రంలో చదివిన విసర్జక వ్యవస్థ పటాన్ని గుర్తు చేసుకోండి. రెండు మూత్రపిండాలు. ఒక్కొక్క దానిలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు. అవి వడగట్టిన మూత్రం చిన్న గిన్నెల్లాంటి కాలిసెస్‌లోకి దిగి, అక్కడి నుంచి గరాటు ఆకారంలో ఉండే ద్రోణిలోకి చేరుతుంది. ద్రోణి కింది కొన దగ్గర మూత్రనాళం మొదలవుతుంది. రెండు మూత్రనాళాలూ మూత్రాశయంలో కలుస్తాయి. మూత్రాశయం నుంచి బయటికి ఉన్న ఒకే దారి ప్రసేకం.

ఈ దారిలో ఎక్కడ ఇరుకు ఏర్పడినా దాని పై భాగం ఉబ్బుతుంది. పంటకాలువకు అడ్డుకట్ట వేస్తే ఎగువన నీరు నిలిచినట్టే ఇదీ. అయితే కాలువ వెడల్పుగా కనిపించిన ప్రతిచోటా దిగువన అడ్డుకట్ట ఉందని చెప్పలేం. ప్రవాహం ఎక్కువైనా, గట్టు మెత్తగా ఉన్నా కాలువ వెడల్పవుతుంది. ఈ తేడాను మనసులో ఉంచుకోండి. రాబోయే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అడ్డుకట్ట ప్రయోగాన్ని నిజంగానే చేసి చూపినవాడు క్రీ.శ. రెండో శతాబ్దంలో రోమ్ నగరంలో ఉన్న వైద్యుడు గేలెన్. శరీరంలోని నీరు ఆవిరిలా మారి మూత్రాశయంలోకి చేరుతుందని ఆ రోజుల్లో కొందరు వాదించేవారు. గేలెన్ బతికున్న జంతువు మూత్రనాళాలను దారంతో బిగించి కట్టాడు. కట్టుకు పైన నాళాలు ఉబ్బాయి. మూత్రాశయం ఖాళీగా ఉండిపోయింది. కట్టు విప్పగానే మూత్రాశయం నిండింది. మూత్రం మూత్రపిండాల్లోనే తయారై నాళాల ద్వారా దిగుతుందని దీనితో రుజువైంది. అడ్డు పడితే పైభాగం ఉబ్బుతుందనీ తేలింది. మన సుశ్రుత సంహిత కూడా మూత్రం ఆగిపోయే స్థితులను మూత్రాఘాతం అనే పేరుతో వర్గీకరించి వివరించింది. అంటే మూత్రానికి అడ్డుపడటం అనే విషయం ప్రాచీనులకు కొత్త కాదు. శరీరం లోపలి వాపును బయటి నుంచి చూడటమే వారికి సాధ్యం కాలేదు.

వాపుకు పేరు, పేరుకు చికిత్స

ఫ్రెంచి వైద్యుడు పియర్ రేయర్ మూత్రపిండ వ్యాధులపై రాసిన పెద్ద గ్రంథం 1839, 1841 మధ్య వెలువడింది. మూత్రం నిలిచి ఉబ్బిన మూత్రపిండానికి హైడ్రోనెఫ్రోసిస్ అనే పేరు అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది. నీటితో ఉబ్బిన కిడ్నీ అని దాని భావం. రేయర్ కాలంలో ఈ స్థితి ఎక్కువగా మరణానంతర పరీక్షలోనో, కడుపులో గడ్డ చేతికి తగిలేంత పెరిగాకనో బయటపడేది. అప్పటికి మూత్రపిండం చాలావరకు పాడై ఉండేది. అందుచేత ఆ పేరు వినగానే ఒక తీవ్రమైన జబ్బు అన్న భావం స్థిరపడిపోయింది.

పేరు తరువాత చికిత్స వచ్చింది. ద్రోణి, మూత్రనాళం కలిసే చోట ఏర్పడిన ఇరుకును సరిచేయడానికి 1886లో జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ ప్రయత్నించాడు. ఆ రోగి దక్కలేదు. 1891లో మరో జర్మన్ వైద్యుడు కుస్టర్ ఇరుకైన భాగాన్ని కోసి, నాళాన్ని ద్రోణికి తిరిగి అతికించి సఫలమయ్యాడు. 1949లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన ఆండర్సన్, హైన్స్ ఈ పద్ధతిని మెరుగుపరిచారు. పైలోప్లాస్టీ అనే ఈ శస్త్రచికిత్సను ఇవాళ చిన్న రంధ్రాల ద్వారా కెమెరా సాయంతో చేస్తున్నా, లోపల జరిగే పనిలో మూలసూత్రం ఆండర్సన్, హైన్స్‌లదే.

1919లో అమెరికాకు చెందిన హ్యూ హాంప్టన్ యంగ్, ఆయన సహచరులు మరో ముఖ్య కారణాన్ని వివరంగా నమోదు చేశారు. కొందరు మగశిశువుల ప్రసేకంలో పుట్టుకతోనే పలచని పొరలు ఉంటాయి. అవి కవాటాల్లా పనిచేసి మూత్రాన్ని ఆపుతాయి. వీటిని పశ్చ ప్రసేక కవాటాలు అందాం. వీటి ప్రసక్తి మళ్లీ వస్తుంది.

లోపలి దృశ్యాన్ని చూపే తొలి సాధనం ఎక్స్ కిరణాలు. రాంట్‌జెన్ వాటిని 1895లో కనుగొన్నాడు. 1929లో మోజెస్ స్విక్ అనే యువ అమెరికన్ వైద్యుడు బెర్లిన్‌లో పనిచేస్తూ, అయోడిన్ ఉన్న ఒక రసాయనాన్ని రక్తనాళంలోకి ఎక్కించి, అది మూత్రంలోకి దిగుతుండగా ఎక్స్‌రే తీసే పద్ధతిని నిలబెట్టాడు. దీనితో బతికున్న మనిషి మూత్రమార్గం మొత్తం ఫిల్ముపై కనిపించింది. అయినా పిల్లవాడికి జ్వరమో, కడుపునొప్పో, మూత్రంలో రక్తమో వచ్చాకే ఈ పరీక్ష జరిగేది. పుట్టకముందు చూడటానికి దారి లేదు. గర్భస్థ శిశువుపై ఎక్స్ కిరణాలు పడటం క్షేమం కాదు కూడా.

బాయిలర్ల కార్ఖానా నుంచి ప్రసూతి వార్డుకు

ఆ దారి ఊహించని చోటు నుంచి వచ్చింది. 1880లో క్యూరీ సోదరులు పియర్, జాక్ కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. అలాంటి స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది కంపించి, మన చెవికి అందని అతిధ్వనులను పుట్టిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాల్ లాంజెవిన్ ఈ ధ్వనుల ప్రతిధ్వనితో సముద్రంలోని జలాంతర్గాములను పసిగట్టే పరికరాన్ని రూపొందించాడు. ఆ తరువాత ఇదే సూత్రంతో లోహపు పలకల్లోని పగుళ్లను కనిపెట్టే యంత్రాలు వచ్చాయి.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి వైద్య ఆచార్యుడు ఇయాన్ డొనాల్డ్ రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో పనిచేశాడు. రాడార్, సోనార్ అప్పటికే ఆయనకు పరిచయం. 1955 జులైలో ఆయన ఆపరేషన్లలో తీసిన కణితులను కార్లలో వేసుకుని రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే కార్ఖానాకు వెళ్లాడు. అక్కడి లోహ పరీక్ష యంత్రాన్ని వాటిపై పెట్టి చూశాడు. నీటితో నిండిన తిత్తికీ, గట్టి కణితికీ ప్రతిధ్వనిలో స్పష్టమైన తేడా కనిపించింది. తరువాత ఇంజినీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి ఆయన రూపొందించిన పరిశోధన పత్రం 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో వెలువడింది. ప్రసూతి వైద్యంలో అల్ట్రాసౌండ్ యుగానికి అది ఆరంభం.

ఈ యంత్రం మిల్లీమీటర్లను ఎలా కొలుస్తుందో కొంచెం లెక్క చూద్దాం. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. సెకనుకు 35 లక్షల కంపనాలున్న అతిధ్వని తరంగదైర్ఘ్యం అప్పుడు సుమారు 0.44 మిల్లీమీటర్లు. అందువల్లనే మిల్లీమీటరు స్థాయి కొలత సాధ్యం. రెండు వేర్వేరు కణజాలాలు కలిసే హద్దు దగ్గర ధ్వని వెనక్కి తిరుగుతుంది. మూత్రం వంటి ద్రవంలో అలాంటి హద్దులుండవు. ప్రతిధ్వని రాదు కాబట్టి తెరమీద ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. గర్భస్థ శిశువులో తొలినాళ్ల నుంచీ వైద్యుల కంటపడిన లోపాల్లో మూత్రమార్గ విస్తరణ ఒకటి కావడానికి కారణం ఈ నల్లటి మచ్చే.

శిశువు మూత్రమే ఉమ్మనీరు

1970లో ఆస్ట్రేలియాకు చెందిన విలియం గారెట్ బృందం గర్భస్థ శిశువు మూత్రపిండంలో తిత్తులను అల్ట్రాసౌండుతో గుర్తించినట్టు ప్రచురించింది. 1975లో గారెట్, భౌతిక శాస్త్రజ్ఞుడు జార్జ్ కొసాఫ్ తదితరులు గర్భస్థ శిశువులో ఉబ్బిన మూత్రపిండాన్ని, ఉబ్బిన మూత్రనాళాన్ని, ప్రసేకంలో అడ్డును గుర్తించిన వివరాలు వెల్లడించారు. ఈ మధ్యలో 1973లో లండన్‌లో స్టువర్ట్ కాంప్‌బెల్ బృందం శిశువు మూత్రాశయం ఎంత త్వరగా నిండుతుందో స్కానింగులో కొలిచి, గంటకు ఎంత మూత్రం తయారవుతుందో లెక్కగట్టింది. కంటికి కనిపించని శిశువు మూత్రపిండం పనితీరును అంకెల్లో పెట్టిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

ఇక్కడ ఒక ప్రశ్న. గర్భంలో రక్తంలోని మలినాలను తొలగించే పని మాయది. మరి శిశువు మూత్రం తయారుచేయడం ఎందుకు? ఉమ్మనీటి కోసం. గర్భం రెండో భాగంలో ఉమ్మనీరు ఎక్కువగా శిశువు విసర్జించే మూత్రమే. ఆ నీరు ఉంటేనే ఊపిరితిత్తులు ఎదుగుతాయి. 1946లో షికాగోలో ఎడిత్ పాటర్ రెండు మూత్రపిండాలూ లేకుండా పుట్టిన శిశువులను వర్ణిస్తూ, వారి ఊపిరితిత్తులు ఎదగకపోవడాన్ని నమోదు చేసింది. కాబట్టి ఒకవైపు ద్రోణి ఉబ్బడం వేరు, మూత్రాశయం కిందనే అడ్డు పడి ఉమ్మనీరు తగ్గిపోవడం వేరు. మొదటి దానిలో రెండో మూత్రపిండం ఆదుకుంటుంది. రెండో దానిలో మూత్రపిండాలతో పాటు శ్వాసకూ ముప్పు.

చూసిన వెంటనే కోసిన కాలం

తెరమీద వాపు కనిపించగానే వైద్యులకు గుర్తొచ్చింది రేయర్ కాలం నాటి జబ్బు. ఇన్నాళ్లూ ఆలస్యంగా పట్టుకున్న వ్యాధిని ఇప్పుడు ముందే పట్టుకున్నాం, మూత్రపిండం చెడకముందే సరిచేద్దాం అన్నది వారి ఆలోచన. వినడానికి ఇందులో తప్పేమీ కనిపించదు.

ఆ ఆలోచన గర్భంలోకీ వెళ్లింది. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ హారిసన్ బృందం ప్రసేకంలో అడ్డు ఉన్న ఒక గర్భస్థ శిశువుకు తల్లి గర్భాశయాన్ని తెరిచి శస్త్రచికిత్స చేసింది. మూత్రం ఉమ్మనీటిలోకి పోయేలా దారి చేసి, గర్భాశయాన్ని తిరిగి మూసింది. మానవ పిండంపై ఇలాంటి శస్త్రచికిత్సకు అది నాంది. గర్భం కొనసాగింది గానీ పుట్టిన శిశువు దక్కలేదు. శస్త్రచికిత్స నాటికే మూత్రపిండాలు తిరిగి బాగుపడని స్థితికి చేరాయి. 1982లో ఈ బృందం ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించింది. దారి తెరవగలిగినా, అప్పటికే జరిగిన నష్టాన్ని వెనక్కి తీసుకోలేమన్నది అందరికీ తెలిసొచ్చింది.

పుట్టిన తరువాత కథ మరో రకంగా నడిచింది. 1980లలో గర్భంలో వాపు కనిపించిన శిశువులు ఏ బాధా లేకుండా, ఆరోగ్యంగా ఆస్పత్రులకు వచ్చేవారు. చాలాచోట్ల మొదటి నెలల్లోనే వారికి పైలోప్లాస్టీ చేసేవారు. తరువాత మూత్రపిండం బాగా పనిచేస్తుంటే ఆపరేషన్ వల్లే బాగుపడిందని నమ్మేవారు. కానీ ఆపరేషన్ చేయకపోయినా అలాగే ఉండేదేమో? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొందరికైనా చేయకుండా చూడాలి.

ఆగి చూసినవారు

వెడల్పుకూ అడ్డుకూ తేడా తెలియాలంటే ఫొటో చాలదు, ప్రవాహాన్ని కొలవాలి. 1973లో ఇంగ్లండులో రాబర్ట్ విటేకర్ ఉబ్బిన ద్రోణిలోకి సన్నని గొట్టం దించి, నిర్ణీత వేగంతో ద్రవం పంపి, పీడనం పెరుగుతుందో లేదో కొలిచాడు. కొందరిలో ద్రోణి ఎంతో పెద్దదిగా ఉన్నా పీడనం పెరగలేదు. అంటే అక్కడ అడ్డు లేదన్నమాట. 1978లో ఒరైలీ తదితరులు చిన్న ఇంజెక్షనుతో సరిపోయే మరో పద్ధతిని వివరించారు. స్వల్ప రేడియోధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, మూత్రాన్ని పెంచే మందు ఇచ్చి, మూత్రపిండం నుంచి అది ఎంత త్వరగా ఖాళీ అవుతుందో గామా కెమెరాతో నమోదు చేస్తారు. ఇదే రీనోగ్రామ్. ఇవాళ దీనికి ఎక్కువగా వాడే టెక్నీషియం అర్ధజీవిత కాలం 6 గంటలే. రెండు మూత్రపిండాల్లో ఏది ఎంత శాతం పని చేస్తోందో కూడా ఇది చెబుతుంది.

ఈ సాధనం చేతిలో ఉండటంతో కొందరు వైద్యులు ఆగి చూసే ధైర్యం చేశారు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రికి చెందిన ఫిలిప్ రాన్స్‌లే బృందం 1990లో, అమెరికాలోని కొలంబస్‌కు చెందిన స్టీఫెన్ కాఫ్ 1992లో తమ అనుభవాలను ప్రకటించారు. పనితీరు బాగున్న మూత్రపిండాన్ని ముట్టుకోకుండా, క్రమం తప్పకుండా స్కానింగులు, రీనోగ్రాములు చేస్తూ వచ్చారు. పనితీరు తగ్గితేనే ఆపరేషన్. కాఫ్ బృందం 2000లో ప్రచురించిన ఫలితాల్లో, ఒకవైపు తీవ్రమైన వాపు ఉన్న 104 మంది శిశువుల్లో చివరికి పైలోప్లాస్టీ అవసరమైనది 23 మందికే. మిగిలినవారిలో ఆపరేషన్ లేకుండానే మూత్రపిండం నిలదొక్కుకుంది.

ఎందుకిలా? గర్భస్థ శిశువు మూత్రం పలచగా, పరిమాణంలో ఎక్కువగా ఉంటుంది. మూత్రనాళంలో మడతలుంటాయి. దాని గోడ కండరాల కదలిక ఇంకా కుదురుకోవాలి. పుట్టాక పెరుగుదలతో ఇవన్నీ సర్దుకుంటాయి. పైగా మెత్తగా సాగే ద్రోణి ఒక చెరువులా నీటిని పట్టి ఉంచి, నెఫ్రాన్లపై పీడనం పడకుండా కాపాడుతుంది. పంటకాలువ పోలిక గుర్తుందా? గట్టు సాగడం కొన్నిసార్లు జబ్బుకు లక్షణం కాదు, రక్షణ.

ఆగకూడని చోటు

అలాగని ఆగడమే అన్నింటికీ మందు కాదు. పశ్చ ప్రసేక కవాటాలున్న మగశిశువు విషయంలో ఒక్కరోజు ఆలస్యమైనా ముప్పే. ఇక్కడ మూత్రాశయం పెద్దదై, దాని గోడ దళసరి అవుతుంది. ప్రసేకం పైభాగం విచ్చుకుని, స్కానింగులో తాళంచెవి రంధ్రం ఆకారం కనిపిస్తుంది. రెండు మూత్రపిండాలూ ఉబ్బుతాయి. ఉమ్మనీరు తగ్గవచ్చు. ఇలాంటి శిశువు పిల్లల శస్త్రవైద్యులు ఉన్నచోట పుట్టాలి. పుట్టగానే సన్నని గొట్టంతో మూత్రాన్ని బయటికి తీసి, రక్తంలోని లవణాల స్థాయిని సరిచేసి, తరువాత ఎండోస్కోపుతో ఆ పొరలను తొలగిస్తారు. ఆపైన కూడా జీవితాంతం పర్యవేక్షణ కావాలి. ఎందుకంటే గర్భంలోనే దెబ్బతిన్న మూత్రపిండం ఎదిగే వయసులో విఫలం కావచ్చు.

గర్భంలోనే శిశువు మూత్రాశయంలోకి చిన్న గొట్టం అమర్చి మూత్రాన్ని ఉమ్మనీటిలోకి మళ్లించే పద్ధతి 1980ల నుంచీ ఉంది. దాని మేలును సరిగా తూచడానికి బ్రిటన్ కేంద్రంగా జరిగిన ప్లూటో అనే అధ్యయనం 2013లో లాన్సెట్‌లో వెలువడింది. అందులో చేరిన గర్భిణులు 31 మందే కావడంతో అధ్యయనాన్ని ముందుగానే ఆపారు. గొట్టం అమర్చినవారిలో ఎక్కువమంది శిశువులు బతికినట్టు కనిపించింది. కానీ రెండేళ్ల వయసుకు మూత్రపిండాల పనితీరు మామూలుగా ఉన్నది ఇద్దరు పిల్లలకే. ప్రాణం నిలపడం, మూత్రపిండం నిలపడం ఒకటి కాదని 1981 నాటి అనుభవమే మరోసారి అంకెల్లో తేలింది.

ఒకే కొలబద్ద

ఎవరి విషయంలో ఆగాలి, ఎవరి విషయంలో ఆగకూడదు? దీనికి అందరూ ఒకే భాషలో మాట్లాడాలి. ఒక వైద్యుడు స్వల్పం అన్నదాన్ని మరొకరు మధ్యస్థం అంటే తల్లిదండ్రులు ఎవరిని నమ్మాలి? 1993లో సొసైటీ ఫర్ ఫీటల్ యూరాలజీ వాపును 1 నుంచి 4 వరకు శ్రేణులుగా విభజించింది. 2006లో లీ తదితరులు 17 అధ్యయనాలను, 1,308 మంది శిశువుల వివరాలను కలిపి లెక్కించారు. పుట్టాక నిజమైన లోపం బయటపడే అవకాశం స్వల్ప వాపులో 11.9 శాతం, మధ్యస్థంలో 45.1 శాతం, తీవ్రంలో 88.3 శాతం అని తేలింది. అదే నల్లటి మచ్చ, కానీ దాని పరిమాణాన్ని బట్టి అర్థం ఎంతగా మారుతోందో చూడండి.

2014లో ఎనిమిది వైద్య సంఘాల ప్రతినిధులు కలిసి ఒక ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నారు. వారు చేసిన మొదటి పని పేరు మార్చడం. హైడ్రోనెఫ్రోసిస్ అనే మాట పక్కన పెట్టి, మూత్రమార్గ విస్తరణ అన్నారు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ పాత పేరు జబ్బును చెప్పేది. కొత్త పేరు కంటికి కనిపించినదాన్ని మాత్రమే చెబుతుంది. జబ్బు ఉందో లేదో తరువాత తేల్చవలసిన విషయమని ఆ పేరులోనే ఒప్పుకోలు ఉంది.

ఆ పద్ధతి ప్రకారం 16 నుంచి 27 వారాల మధ్య ద్రోణి వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపు, 28 వారాల తరువాత 7 మిల్లీమీటర్ల లోపు, పుట్టిన తరువాత 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలే. అంతకు మించితే వెడల్పు ఒక్కటే చూడరు. కాలిసెస్ ఉబ్బాయా, మూత్రపిండం గుజ్జు పలచబడిందా, మూత్రనాళం కనిపిస్తోందా, మూత్రాశయం ఎలా ఉంది, ఉమ్మనీరు ఎంత ఉంది అన్నవి కలిపి చూస్తారు. మొదట చెప్పుకున్న 5 మిల్లీమీటర్ల శిశువుకు మిగిలినవన్నీ సవ్యంగా ఉంటే అది తక్కువ ముప్పు వర్గం. గర్భంలో కనిపించే విస్తరణల్లో సగానికి పైగా తాత్కాలికమే.

మన దేశంలో పిల్లల మూత్రపిండ వైద్యుల సంఘం ఈ విషయంపై 2001లో ఒక ఏకాభిప్రాయ పత్రాన్ని, 2013లో దాని సవరించిన రూపాన్ని ప్రచురించింది. పుట్టిన మొదటి రెండు రోజుల్లో శిశువుకు మూత్రం తక్కువగా తయారవుతుంది. అప్పుడు స్కానింగ్ చేస్తే ఉన్న వాపు కూడా లేనట్టు కనిపించవచ్చు. అందుచేత సాధారణంగా మూడో రోజు నుంచి వారం లోపు ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాలకు మరోసారి స్కానింగ్ చేయాలి. కవాటాల అనుమానం ఉంటేనో, రెండువైపులా తీవ్రమైన వాపు ఉంటేనో, ఉన్నది ఒకే మూత్రపిండం అయితేనో మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేయాలి.

మన ముందున్న పరీక్ష

ఈ యంత్రం మన దేశంలో మరో చరిత్రను కూడా మోసింది. అదే తెరను ఆడపిల్లలను పుట్టకముందే ఏరివేయడానికి వాడారు. ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది ఉండగా 2001 నాటికి 927కు తగ్గారు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 1996 నుంచి అమలులోకి వచ్చింది, 2003లో మరింత కట్టుదిట్టమైంది. ప్రసేక కవాటాలు మగశిశువుల్లోనే ఉంటాయి కనుక ఈ చట్టం వైద్యానికి అడ్డు కాదా అని మీరు అడగవచ్చు. కాదు. మూత్రాశయం ఎలా ఉంది, దాని గోడ ఎంత దళసరిగా ఉంది, ఉమ్మనీరు ఎంత ఉంది అని రాస్తే చాలు. ప్రసవం ఎక్కడ జరగాలో, పుట్టగానే ఏ పరీక్ష చేయాలో ఆ వివరాలే చెబుతాయి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. టిఫా స్కానింగ్ ఒకప్పుడు నగరాల ప్రైవేటు కేంద్రాలకే పరిమితం. 2022లో తెలంగాణ ప్రభుత్వం తన ఆస్పత్రుల్లో ఈ యంత్రాలను ఏర్పాటు చేసింది. గుర్తింపు పెరుగుతోంది. కానీ గర్భంలో స్కానింగ్ చేసేది ఒకరు, కాన్పు చేసేది మరొకరు, బిడ్డను చూసేది ఇంకొకరు. కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ మనది. పాత రిపోర్టు అత్తవారింట బీరువాలో ఉండిపోతుంది. బిడ్డ బొద్దుగా ఉంటాడు, పాలు బాగా తాగుతాడు. జబ్బే కనిపించనప్పుడు మళ్లీ స్కానింగ్ ఎందుకని పెద్దలు అంటారు. నూటికి ఎక్కువమంది విషయంలో వారి మాట నిజమే అవుతుంది. మిగిలిన కొద్దిమందిలో మూత్రపిండం చప్పుడు లేకుండా పని తగ్గించుకుంటూ పోతుంది. ఆగి చూడటం అంటే వదిలేయడం కాదు. రాన్స్‌లే, కాఫ్ ఆగగలిగారంటే, తేదీ తప్పకుండా చూశారు కాబట్టే.

వాక్యం చూసి హడలిపోయి గర్భాన్నే వద్దనుకోవడం ఒక తప్పు. బిడ్డ బాగున్నాడని కాగితాన్ని మరిచిపోవడం రెండో తప్పు. ఈ రెండు తప్పులకూ మధ్య సరైన దారి చూపడానికి అర్ధశతాబ్దం పాటు ఎందరో వైద్యులు, భౌతిక శాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు కష్టపడ్డారు. మీలో రేపు కొందరు వైద్యులవుతారు, చాలామంది తల్లిదండ్రులవుతారు. ఈ పాఠం ముగిశాక మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో గర్భిణి ఎవరైనా ఇలాంటి రిపోర్టు తెచ్చుకుంటే, మూడు ప్రశ్నలు అడగమని చెప్పండి. వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్నో వారంలో కొలిచారు? మూత్రాశయం, ఉమ్మనీరు సవ్యంగా ఉన్నాయా? పుట్టాక మొదటి స్కానింగ్ ఏ రోజున? ఈ మూడింటి జవాబులూ ఆ కాగితం మీదే రాయించుకుని, కాన్పుకు వెళ్లేటప్పుడు సంచిలో మొదట దాన్నే పెట్టుకోమనండి.